అటకకు మెట్లు కడితే

తెలుగులో ఒక పని "అటకెక్కింది" అంటే పైకి పోయిందని సంతోషించేవాళ్ళు ఎవరూ లేరు. ఇహ దాని సంగతి మరిచిపోవచ్చని అర్థం. అదే "మేడ కట్టాడు" అంటే మనిషి బాగుపడ్డాడని అర్థం. అటకా ఎత్తులోనే ఉంటుంది, మేడా ఎత్తులోనే ఉంటుంది. మరి ఒకదానికి పరువు, రెండోదానికి మరుపు ఎందుకొచ్చాయి? నాకు తోచిన సమాధానం ఒక్కటే. మేడకు మెట్లుంటాయి. అటకకు అవసరమైనప్పుడు నిచ్చెన వేస్తారు, అవసరం తీరగానే తీసేస్తారు.

మన పెంకుటిళ్ళలో దూలాల మీద చెక్కలు పరిచి అటక కట్టేవారు. ఏడాదికి సరిపడా ఊరగాయ జాడీలు, పెళ్ళిళ్ళకు తప్ప కిందికి దిగని గంగాళాలు, గుండిగలు, కాలు విరిగిన కుర్చీ, తాతగారి కాగితాల కట్టలు, అన్నీ అక్కడికే చేరేవి. ఎక్కేది వెదురు నిచ్చెన మీద. ఎక్కేవాడు ఇంట్లో కుర్రవాడో, పాలేరో. ఇంటి పెద్దావిడకు అటక మీద ఏ మూల ఏ వస్తువుందో కంఠతా వచ్చును కానీ, ఆవిడ తన జన్మలో దాన్ని కళ్ళారా చూసి ఉండదు.

రాయలసీమ, తెలంగాణల మట్టిమిద్దెల తీరు వేరు. అక్కడ కప్పే ఒక వాకిలి. మిరపకాయలు, వేరుశనక్కాయలు ఆరబోసేది దాని మీదే, వేసవి రాత్రుల్లో పడక కూడా దాని మీదే. అయినా చాలా ఇళ్ళలో పైకి దారి నిచ్చెనే. సిమెంటు వచ్చాక డాబాలు లేచాయి, వాటికి బయటివైపు నుంచి మెట్లు పడ్డాయి. ఆ బయటి మెట్లతో ఒక కొత్త సంగతి మొదలైంది. కింది ఇంట్లో అడుగు పెట్టకుండా పైకి వెళ్ళే వీలుంటే పైభాగాన్ని అద్దెకిచ్చుకోవచ్చు! మన ఊళ్ళలో "మేడ మీద వాటా" అనే మాట పుట్టింది ఆ మెట్ల పుణ్యమే. దారి లోపలినుంచి వేస్తే పై గది మన ఇంట్లో భాగం, బయటినుంచి వేస్తే ఇంకొకరి కాపురం, నిచ్చెన వేస్తే సామాన్ల కొట్టు.

ఇదంతా నాకెందుకు పట్టిందో చెబుతాను.

షామ్‌బర్గ్ గ్రామంలో

మేముండే షామ్‌బర్గ్ చికాగో శివార్లలో ఉంది. చట్టప్రకారం ఇది ఇప్పటికీ "విలేజ్", అంటే గ్రామమే. 1956లో గ్రామంగా ఏర్పడేనాటికి ఇక్కడి జనం సుమారు 130 మంది, ఎక్కువమంది జర్మన్ రైతుల సంతతి. 1959లో మసాచుసెట్స్ నుంచి వచ్చిన ఆల్‌ఫ్రెడ్ కాంపనెల్లి పొలాలు కొని వెదర్స్‌ఫీల్డ్ అనే కాలనీ కట్టడం మొదలుపెట్టాడు. 2020 జనాభా లెక్కల్లో ఈ "గ్రామం" 78 వేలు దాటింది. మాది 1960ల నాటి ఇల్లు. కప్పు కాస్త నిటారుగా ఉంటుంది. దాని కింద, నడుమ భాగంలో మనిషి తల తగలకుండా నిలబడగల చోటుంది. ఇన్నాళ్ళూ అక్కడికి దారి, హాలు కప్పులో ఒక చదరపు కంత.

మా నాన్నగారు పోయాక ఆయన పుస్తకాలు విడతలవారీగా ఇక్కడికి చేరాయి. తెనాలి వెళ్ళొచ్చిన ప్రతిసారీ మనిషికి రెండు పెట్టెలు, పెట్టెకు 23 కిలోలు. పిండివంటలు తగ్గించుకుని పుస్తకాలు తెచ్చుకున్నాం. అవన్నీ అట్టపెట్టెల్లో ఉండిపోయాయి. అటకను గదిగా మార్చి, గోడల వెంట బీరువాలు పెట్టి, కిటికీ దగ్గర ఒక పడక్కుర్చీ వేద్దామని మా ఆవిడా నేనూ అనుకున్నాం. అమ్మ ఏడాదికో ఆర్నెల్లు మా దగ్గరుంటుంది. 74 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. ఆ పుస్తకాల్లో సగం ఆవిడ చదివినవే, కొన్నిటి అట్టల మీద చేతిరాత కూడా ఆవిడదే.

గది ఎలా ఉండాలన్నది ఒక్క సాయంత్రంలో తేలిపోయింది. పైకి ఎలా వెళ్ళాలన్నదానికి మూడు నెలలు పట్టింది. పోలండు నుంచి వచ్చి చికాగోలో స్థిరపడిన మా వడ్రంగి నాలుగు దార్లున్నాయన్నాడు. కప్పులో మడిచి పెట్టుకుని, తాడు లాగితే దిగే నిచ్చెన. నిలువు కమ్మీ చుట్టూ తిరిగే చుట్టుమెట్లు. కుడికాలికొక పలక, ఎడమకాలికొక పలక ఉండే నిటారు మెట్లు. చివరిది, మామూలు మెట్లు. మొదటిది వందల డాలర్లలో అయిపోతుంది, కింద జాగా అక్కర్లేదు. చివరిది వేలల్లో తేలుతుంది, పైగా కింద ఒక అలమర, ముందుగదిలో కొంత భాగం మింగేస్తుంది. ఫోనులో ఈ సంగతి చెబితే అమ్మ అంది: "నిచ్చెనైతే నాకు చెప్పకురా. ఫొటోలు తీసి చూపించు, చాలు."

ఇంజనీరుకు సమస్య ఎదురైతే ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు వెతుకుతాడు. నేనూ అదే పని చేశాను.

నిచ్చెన ఎవరి చేతిలో ఉంది?

మనిషి పైకప్పు నుంచి ఇంట్లోకి దిగడం కొత్త సంగతి కాదు. ఇప్పటి టర్కీలోని చాతల్‌హొయుక్‌లో సుమారు 9 వేల ఏళ్ళ కిందట ఇళ్ళను గోడకు గోడ ఆనించి, నడుమ వీధుల్లేకుండా కట్టుకున్నారు. వాకిళ్ళు ఉండేవి కావు. కప్పుల మీదే నడిచి, కప్పులోని కంతగుండా నిచ్చెన మీద ఇంట్లోకి దిగేవారు. ఇక్కడ న్యూ మెక్సికోలోని తావోస్ పుయెబ్లో ఆదివాసుల ఇళ్ళకూ పాతరోజుల్లో దారి నిచ్చెనలే. శత్రువు వస్తే నిచ్చెన పైకి లాక్కునేవారు. నిచ్చెన ఉన్న లాభం అదే, దాన్ని తీసేయవచ్చు. ఎవరు తీస్తారన్నదాన్ని బట్టి పైవాడికి రక్షణో, చెరో అవుతుంది.

ఆ రెండూ ఒక్కచోటే కలిసిన అటక ఒకటి అమెరికా చరిత్రలో ఉంది. ఉత్తర కెరొలైనాలోని ఈడెంటన్‌లో హారియెట్ జేకబ్స్ అనే బానిస స్త్రీ 1835లో యజమాని బారినుంచి తప్పించుకుని, విముక్తి పొందిన అమ్మమ్మ ఇంటి పంచన కట్టిన చిన్న కొట్టు అటకలో దాక్కుంది. పొడవు 9 అడుగులు, వెడల్పు 7, ఎత్తు మహా అయితే 3 అడుగులు. నిలబడడానికి లేదు. వడ్రంగం తెలిసిన మేనమామ కొట్టులోంచి పైకి కనపడని తలుపొకటి అమర్చాడు. దాదాపు ఏడేళ్ళు ఆవిడ అందులోనే ఉంది. చెక్కకు పొడుచుకున్న చిన్న కంతలోంచి వీధిలో తిరిగే తన పిల్లల్ని చూసుకునేది. 1842లో ఉత్తరాదికి తప్పించుకుంది, 1861లో తన కథను పుస్తకంగా అచ్చువేసింది. ఆ అటక ఆవిడ ప్రాణం కాపాడిందంటే కారణం, దానికి దారి ఉన్నట్టు ఎవరికీ తెలియకపోవడమే.

అంబేడ్కర్ రాసిన మాట ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. 1920 జనవరి 31న వెలువడిన "మూక్‌నాయక్" మరాఠీ పత్రిక తొలి సంచికలో ఆయన హిందూ సమాజాన్ని అంతస్తులున్న గోపురంతో పోల్చారు. ఒక్కో కులానికి ఒక్కో అంతస్తు. ఒక అంతస్తు నుంచి ఇంకోదానికి మెట్లు లేవు. పుట్టిన అంతస్తులోనే చావాలి. మనం తెలుగులో "నిచ్చెనమెట్ల కులవ్యవస్థ" అని అలవాటుగా అనేస్తుంటాం. రెండు పోలికలూ పక్కపక్కన పెట్టి చూడండి. నిచ్చెన అన్నప్పుడు కష్టపడితే ఎక్కొచ్చునన్న ఆశ ఆ మాటలోనే దూరిపోతుంది. అంబేడ్కర్ గోపురంలో ఆ ఆశకు చోటు లేదు. పైన ఎన్ని అంతస్తులున్నాయన్నది ఆయన ప్రశ్న కాదు, దారి ఉందా లేదా అన్నదే.

కుడికాలు ముందు

నిచ్చెన సంగతి అలా ఉంచి మెట్ల లెక్కకు వద్దాం. మా అమ్మ షరతు ఒకటుంది. మెట్లు బేసి సంఖ్యలో ఉండాలి, కుడికాలితో మొదలుపెడితే పైన కుడికాలే పడాలి. మన వాస్తు పట్టింపు కదా అని నేను చిరునవ్వుతో విన్నాను. తీరా చూస్తే క్రీస్తుకు పూర్వం ఒకటో శతాబ్దంలో రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ తన గ్రంథంలో ఇదే మాట రాసి పెట్టాడు. గుడి ముందు మెట్లు బేసిగా ఉండాలి, మొదటి మెట్టు మీద పెట్టిన కుడికాలే గుడి అరుగు మీదా ముందు పడాలి. తెనాలికీ రోముకూ చుట్టరికం కలపబోవడం లేదు. రెండు కాళ్ళతో నడిచే జీవి ఎక్కడున్నా ఒకేలా లెక్కపెడుతుంది, అంతవరకే!

అదే విట్రూవియస్, 3, 4, 5 భుజాల త్రిభుజం మెట్ల కొలతకు పనికొస్తుందని కూడా చెప్పాడు. మూడు పాళ్ళు పైకి, నాలుగు పాళ్ళు ముందుకు. వాలు సుమారు 37 డిగ్రీలు. పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్సులో ఫ్రాన్స్వా బ్లోండెల్ ఇంకో సూత్రం చెప్పాడు. సమనేల మీద మనిషి అడుగు 24 ఫ్రెంచి అంగుళాలు. పైకి ఎక్కే ప్రతి అంగుళానికీ ముందుకు వేసే అడుగులో రెండంగుళాలు తగ్గించుకోవాలి. అంటే మెట్టు ఎత్తును రెట్టించి, దానికి మెట్టు వెడల్పు కలిపితే 24 రావాలి. ఆనాటి ఫ్రెంచి అంగుళం మనదానికన్నా కొంచెం పెద్దది, కాబట్టి మన లెక్కలో అది సుమారు 25.6 అంగుళాలు.

ఇప్పుడు అమెరికాలో చాలా ఊళ్ళు చిన్నచిన్న మార్పులతో అనుసరించే ఇళ్ళ నిర్మాణ నియమావళి తీసుకోండి. మెట్టు ఎత్తు 7¾ అంగుళాలకు మించకూడదు, అడుగు పెట్టే జాగా 10 అంగుళాలకు తగ్గకూడదు. ఎత్తును రెట్టించి కలిపితే 25.5. మూడువందల ఏళ్ళు గడిచినా, సముద్రం దాటినా, తేడా అంగుళంలో పదోవంతు! నియమావళి రాసినవాళ్ళు బ్లోండెల్‌ని ముందు పెట్టుకుని రాశారని నేననడం లేదు. మనిషి మోకాలు మారలేదని మాత్రం అంటున్నాను.

ఇరుకు మెట్ల ఖరీదు

జాగా కలిసొస్తుందని మెట్లు కుదిస్తే ఏమవుతుందో చూడాలంటే వర్జీనియాలో థామస్ జెఫర్సన్ కట్టుకున్న మోంటిసెల్లో చూడాలి. పెద్ద మెట్లు జాగా దండగని ఆయన అభిప్రాయం. అందుకని తన భవనంలో మెట్లను రెండే అడుగుల వెడల్పున, నిటారుగా, ఒక పక్కకు దాచినట్టు కట్టించాడు. ఇంటి నెత్తిన ఎనిమిది ముఖాల గుమ్మటం, దాని కింద గుండ్రటి కిటికీలతో అందమైన గది. ఆ మెట్లెక్కి అంతదూరం ఎవరు పోతారు? కొద్దికాలం మనవడి సంసారానికి పనికొచ్చి, ఆపైన అది సామాన్ల గదిగా మిగిలింది. అమెరికా అధ్యక్షుడు ముచ్చటపడి కట్టించుకున్న గది అక్షరాలా అటకెక్కింది!

చుట్టుమెట్లంటే మనకు గుర్తొచ్చేది 1591 నాటి చార్మినార్. మీనారులో తిరుగుతూ 149 మెట్లెక్కితే పై అంతస్తు. అది స్మారక కట్టడం, జీవితంలో ఒకసారి ఆయాసపడినా ఫరవాలేదు. రోజూ కాఫీ గ్లాసుతో ఎక్కవలసిన దారి కాదు. చుట్టుమెట్లు 26 అంగుళాల వెడల్పుంటే నియమావళి ఒప్పుకుంటుంది. కానీ కమ్మీ దగ్గర పలక కోసుగా సన్నబడుతుంది, కాలు సగమే ఆనుతుంది. మనిషి ఎలాగో వెళ్ళినా పుస్తకాల బీరువా వెళ్ళదు.

అమెరికా అటక

చికాగో నేల మీద ఉంటూ అటకల చరిత్ర చెప్పకుండా ఎలా? సన్నటి కోతకర్రలను మేకులతో బిగించి ఇల్లు లేపే పద్ధతి 1830లలో ఇక్కడే ప్రచారంలోకి వచ్చింది. ఆ తర్వాత 1910 నుంచి 1940 దాకా నగరంలో సుమారు 80 వేల ఇటుక బంగళాలు వెలిశాయి. ఒకటిన్నర అంతస్తు ఇళ్ళు. పిల్లలు పెరిగేకొద్దీ ఆ "అర" అంతస్తు గదులైంది. ఓక్ పార్క్‌లో కాపురమున్న ఫ్రాంక్ లాయిడ్ రైట్‌కి మాత్రం అటకలంటే గిట్టదు. కొత్త ఇల్లు కట్టేటప్పుడు ముందు అటకను తీసిపారేయాలని రాశాడు.

అటకను ముందుచూపుతో వాడుకున్నవాళ్ళు లెవిట్ సంస్థవాళ్ళు. 1947లో న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల కోసం వేల ఇళ్ళు కట్టారు. ఇల్లు 750 చదరపు అడుగులే. పైన అటకను పూర్తి చేయకుండా వదిలేశారు గానీ దానికి మెట్లు మాత్రం ముందే కట్టి ఇచ్చారు. చేతిలో డబ్బులాడినప్పుడు ఎవరికి వారు గోడలు పెట్టుకుని పిల్లల గదులు చేసుకున్నారు. గది తర్వాత, దారి ముందు. ఇంత తెలివైన ఆ ఊళ్ళోకి నల్లవాళ్ళకు మాత్రం దారి లేదు. శ్వేతజాతివారు తప్ప ఇతరులు ఉండకూడదని మొదటి ఒప్పందాల్లోనే రాసుకున్నారు. ఇంట్లో మెట్లున్నాయి, ఊరికి లేవు.

1950లలో పళ్ళున్న ఇనుప రేకులతో కర్రలను కలిపి కప్పు చట్రాలను కార్ఖానాలోనే తయారుచేసే పద్ధతి వచ్చింది. ట్రస్ అంటారు. చవక, త్వరగా అవుతుంది. కానీ కప్పు కింద అడ్డదిడ్డంగా కర్రలుంటాయి. ఇంజనీరు లెక్క కట్టి ఇవ్వకుండా వాటిలో ఒక్కటి కోసినా ప్రమాదమే. ఇల్లు కొనబోయే మిత్రులు అటక మీద ఆశ పెట్టుకుంటే, ముందు తల పైకి పెట్టి ఉన్నవి వాసాలో ట్రస్సులో చూసుకోండి. మా ఇంటివి వాసాలు. అందుకే ఈ కథంతా.

మడత నిచ్చెనది వేరే దారి. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాలలో ఒహాయోలోని ఆక్రన్‌లో బెస్లర్ సంస్థ "మాయమయ్యే మెట్లు" అని వాటిని అమ్మింది. పేరు బాగుంది. మాయమయ్యేవి మెట్లొక్కటే కాదు, పైనున్న గది కూడా.

గది అనిపించుకోవాలంటే

ఈ నియమావళి అటకకు, గదికి మధ్య గీత గీస్తుంది. ఊరికే అటకైతే 22 అంగుళాలకు 30 అంగుళాల కంత చాలు. మనుషులు మసిలే గదైతే కనీసం 70 చదరపు అడుగులుండాలి. అందులో సగంలోనైనా కప్పు ఎత్తు 7 అడుగులుండాలి, 5 అడుగులకు తక్కువ ఎత్తున్న చోటు లెక్కలోకే రాదు. సామాన్ల అటక నేల చదరపు అడుగుకు 20 పౌన్లు మోస్తే చాలు, గదిగా వాడే అటక 30 మోయాలి. పుస్తకాల బరువు దీనికి అదనం, దానికి విడిగా లెక్క కట్టించుకోవాలి. నిప్పంటుకుంటే దూకి తప్పించుకునే కిటికీ ఉండాలి. దారి 36 అంగుళాల వెడల్పు మెట్లు కావాలి, మెట్ల మీద తలకు 6 అడుగుల 8 అంగుళాల ఖాళీ ఉండాలి. మడత నిచ్చెన ఈ లెక్కలో దారే కాదు. కుడి ఎడమ పలకల మెట్లూ మామూలుగా గదికి అసలు దారిగా చెల్లవు.

మొదట్లో ఇదంతా గుమాస్తాల చాదస్తంగా అనిపించవచ్చు. మోంటిసెల్లో, ఈడెంటన్ చూశాక నాకు అలా అనిపించలేదు. పైన మనుషులుంటారని ఒప్పుకున్నాక, వాళ్ళు తమంతట తాము ఎక్కగలగాలి, ప్రమాదమొస్తే తమంతట తాము దిగగలగాలి. నియమావళి సారం ఇంతే.

ఇహ మా లెక్క. కింది నేల నుంచి పై నేలకు 108 అంగుళాలు. 14 ఎత్తులు వేస్తే ఒక్కోటి 7.71, నియమానికి సరిగ్గా సరిపోతుంది. అడుగు పెట్టే పలకలు 13, కాబట్టి మెట్ల పొడవు 10 అడుగుల 10 అంగుళాలు. పదమూడు బేసి సంఖ్యే కదా అన్నాను. కానీ పద్నాలుగో అడుగు పై గదిలో పడుతుంది, అది ఎడమకాలు. అమ్మ ఫోనులోనే వేళ్ళ మీద లెక్కపెట్టి పట్టేసింది. 15 ఎత్తులు వేస్తే ఒక్కోటి 7.2 అంగుళాలు. పొడవు ఇంకో 10 అంగుళాలు పెరిగి 11 అడుగుల 8 అంగుళాలవుతుంది. కుడికాలు సంగతెలా ఉన్నా, మెట్టుకు అరంగుళం తగ్గడమంటే మోకాళ్ళకు పెద్ద ఊరట. ముందుగది చిన్నదవుతుందని మా ఆవిడ ఒకరోజు ఆలోచించింది. "అత్తయ్యగారు ఎక్కలేని గది మనకెందుకండీ, ఆ పది అంగుళాలూ ఇచ్చేద్దాం" అంది. కోట్లు తగిలించే అలమర పోయింది. చలికాలంలో వచ్చే అతిథుల కోట్లు ఇప్పుడు మంచం మీద కుప్పపడుతున్నాయి. రెండు పక్కలా కమ్మీలు, పైనా కిందా దీపం మీటలు పెట్టించాం.

మన సాహిత్య సంఘాల మిత్రుల్లో ఎంతమంది ఇళ్ళలో తెలుగు పుస్తకాలు బేస్‌మెంటులోనో, గరాజులోనో, అటక మీదో అట్టపెట్టెల్లో ఉన్నాయో నాకు తెలుసు. పిల్లలు చదవడం లేదని అందరం బాధపడతాం. పుస్తకం ఇంట్లో ఉండడం వేరు, నిచ్చెన వేయకుండా, ఎవర్నీ అడక్కుండా పదేళ్ళ పిల్లా, డెబ్భై ఏళ్ళ అమ్మా దాని దగ్గరికి నడిచి వెళ్ళగలగడం వేరు. లెవిట్ ఇళ్ళ పద్ధతి ఈ విషయంలో పనికొస్తుంది. గది ఎలా ఉంటుందో, బీరువాలు ఎప్పుడు నిండుతాయో తర్వాత చూసుకోవచ్చు. ముందు మెట్లు కట్టాలి, అదీ ఇంట్లో అందరికన్నా నెమ్మదిగా నడిచేవారి మోకాలి కొలతతో కట్టాలి.